చేపల కర్మాగారముల మురుగునీరు: దానిని శుద్ధి చేయు విధము

ఇంటిలో చేపలు కడిగిన నీటిని పెరటిలో ఒక మూల పారబోసి మరచినచో మరునాటి ప్రొద్దుటికి ఆ చోటు ఎట్లుండునో ప్రతి గృహిణికిని తెలిసినదే. ఈగలు ముసరును. దుర్వాసన ఇరుగుపొరుగు ఇండ్లకు ప్రాకును. రెండు కిలోల చేపకే ఇట్లయినచో, దినమునకు అనేక టన్నుల చేపలను, రొయ్యలను శుభ్రపరచి, మంచుగడ్డలలో పేర్చి పంపు కర్మాగారమునుండి వెలువడు నీటి మాట వేరుగా చెప్పవలెనా? ఆ నీరు ఎచటికి పోవును? దానిని మరల నిరపాయమైన నీరుగా మార్చుట సాధ్యమేనా? సాధ్యమైనచో అందులకు కావలసిన ఏర్పాట్లెవ్వి? ఆ ఏర్పాట్లు సరిగా జరుగుచున్నవో లేదో గ్రామస్థులు తెలిసికొనుట యెట్లు? ఈ ప్రశ్నలకు సమాధానములను ఈ వ్యాసములో వివరింపదలచినాము.

సముద్రము లేని సీమలో ఈ ప్రస్తావన యెందుకు?

మేము ఈ వ్యాసమును హనుమకొండలోని సుబేదారినుండి వ్రాయుచున్నాము. నిజాముల కాలమున వరంగల్ సుబాకు అధికారియైన సుబేదారు నివసించుటచే ఈ పేటకు ఆ పేరు వచ్చినది. ఇచటికి సముద్రము వందల కిలోమీటర్ల దూరము. అయినను చేప ఈ సీమకు క్రొత్తది కాదు. కాకతీయుల నాటి పాకాల, రామప్ప, లక్నవరము చెరువులు నేటికిని నీటితోపాటు చేపలనుకూడ ఇచ్చుచున్నవి. తెలంగాణలో ప్రభుత్వము చెరువులలో ఉచితముగా చేపపిల్లలను వదలు పథకము 2016లో ఆరంభమైనది. చెరువులలో పంట పెరిగినకొలది దానిని కోయుటకు, శుభ్రపరచుటకు, శీతలముగా నిలువచేయుటకు కేంద్రములు అవసరమగును. కేంద్రము వచ్చినచోట మురుగునీరును వచ్చును.

ఇందు గమనింపదగిన విషయము మరియొకటి కలదు. మన సీమలోనివి గొలుసుకట్టు చెరువులు. ఎగువ చెరువు అలుగు పారినచో ఆ నీరు దిగువ చెరువును చేరును. ఒక ఊరి కాలువలో కలసిన మురుగు ఆ ఊరితో ఆగదు. క్రింది ఊరి చేపలకు, పశువులకు, పొలములకు అదియే నీరగును. కావున కర్మాగారము రాకమునుపే ఈ శాస్త్రమును తెలిసికొనుట మంచిది. వచ్చిన పిమ్మట నేర్చుకొన్నవారు ఎంత మూల్యము చెల్లించిరో కోస్తా జిల్లాల అనుభవము చెప్పుచున్నది.

తుందుర్రు, మొగల్తూరు

రొయ్యల ఎగుమతిలో ఆంధ్రప్రదేశ్ దేశమునకు అగ్రస్థానమున నున్నది. పశ్చిమ గోదావరి జిల్లా భీమవరము ప్రాంతము అందుకు పట్టుగొమ్మ. భీమవరము మండలములోని తుందుర్రు వద్ద ఒక పెద్ద ఆక్వా ఫుడ్ పార్కును నిర్మింప బూనినప్పుడు తుందుర్రు, కంసాలి బేతపూడి, జొన్నలగరువు గ్రామముల ప్రజలు దానిని ప్రతిఘటించిరి. కర్మాగారపు మురుగు గొంతేరు కాలువలో కలియుననియు, ఆ నీటిపై ఆధారపడిన వరిపొలములు, చేపలవేట, త్రాగునీరు చెడుననియు వారి భయము. కర్మాగారమును సముద్రతీరమునకు తరలింపుడని వారు కోరిరి. ఉద్యమము ఏండ్ల తరబడి సాగినది. నిషేధాజ్ఞలు విధింపబడినవి, అరెస్టులు జరిగినవి. శుద్ధిచేసిన నీటిని గొట్టముల ద్వారా సముద్రమునకు చేర్చెదమని ప్రభుత్వము 2016లో ప్రకటించినది. ఆ పార్కు 2018లో ప్రారంభింపబడినది.

ఈ వివాదము నడుచుచుండగనే, ఆ జిల్లాలోని మొగల్తూరు మండలము నల్లంవారితోటలో మరియొక రొయ్యల కర్మాగారమున 2017 మార్చి 30వ తేదీన ఘోరము సంభవించినది. మురుగునీటి తొట్టిని శుభ్రపరచుచుండగా విషవాయువు సోకి అయిదుగురు కార్మికులు ప్రాణములు కోల్పోయిరి. పొట్టకూటికై వచ్చినవారు మురుగు తొట్టిలో మడిసిరి. కావున మురుగునీటి శుద్ధి కేవలము దుర్వాసనకు సంబంధించినది కాదు. మనుష్యుల ప్రాణములకు సంబంధించినది.

ఆ నీటిలో నేమున్నది?

చేపల కర్మాగారపు నీటిలో సాధారణముగా విషరసాయనములు ఎక్కువగా నుండవు. ఉండునవి రక్తము, పొలుసులు, ప్రేగులు, మాంసపు తునకలు, క్రొవ్వు, ఉప్పు, కడుగుటకు వాడిన క్లోరిను. ఇవి చాలవరకు ఆహారపదార్థములే గదా, నీటిలో కలసిన హాని యేమని కొందరు తలతురు. హాని అక్కడనే యున్నది. ఆహారమున్నచోట దానిని తిను సూక్ష్మజీవులు కోట్లకొలది పెరుగును. అవి తినుచున్నంతసేపును నీటిలో కరగియున్న ప్రాణవాయువును పీల్చుకొనును. ప్రాణవాయువు తరిగిన నీటిలో చేప బ్రతుకజాలదు.

మురుగు ఎంత ప్రాణవాయువును హరించునో కొలుచుటకు శాస్త్రజ్ఞులు ఒక కొలత నేర్పరచిరి. దానిని బి.ఓ.డి. అందురు. మన దేశములో నీటి నమూనాను 27 డిగ్రీల వేడిమిలో 3 దినములుంచి ఈ కొలత తీయుదురు. ఇండ్లనుండి వచ్చు మురుగులో లీటరుకు ఇది సుమారు 200 నుండి 300 మిల్లీగ్రాములుండును. చేపల కర్మాగారపు నీటిలో, చేయు పనినిబట్టి, కొన్ని వందలనుండి కొన్ని వేల మిల్లీగ్రాముల వరకు నుండును.

దీనిని ఒక చిన్న లెక్కతో గ్రహింపవచ్చును. మన వేడి సీమలో స్వచ్ఛమైన చెరువునీటిలో లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగియుండును. చేప హాయిగా పెరుగుటకు 4, 5 మిల్లీగ్రాములైనను కావలెను. బి.ఓ.డి. 2,000 గల మురుగు ఒక లీటరు చెరువులో కలసినచో, అది 250 లీటర్ల మంచినీటిలోని ప్రాణవాయువునంతయు హరింపగలదు. 15 లీటర్ల బిందెడు మురుగు 3,750 లీటర్ల నీటిని నిర్జీవము చేయగలదు. వేకువజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరచి గాలికై తపించుటను మత్స్యకారులు చూచియుందురు. రాత్రివేళ నాచు మొక్కలుకూడ ప్రాణవాయువును వాడుకొనుటచే తెల్లవారుజామున కొరత మిక్కుటమగును. మురుగు కలసిన చెరువున చేపలు ఎక్కువగా ఆ వేళనే చచ్చును.

దేశపు చట్టము ఇందులకు హద్దులను నిర్ణయించినది. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ నియమములలోని సాధారణ ప్రమాణముల ప్రకారము, వాగులు, చెరువులు మొదలగు లోతట్టు జలములలో విడుచు నీటి బి.ఓ.డి. లీటరుకు 30 మిల్లీగ్రాములకు మించరాదు. పొలముల సాగుకైనను, సముద్రతీరమునకైనను 100 మించరాదు. శుద్ధికేంద్రము గల పట్టణపు మురుగుకాలువలో కలుపుటకు 350 వరకు అనుమతి కలదు. నూనె, జిడ్డు లోతట్టు జలములలో 10 మిల్లీగ్రాములకు మించరాదు. సముద్రము లేని మన సీమకు కఠినమైన 30 హద్దే సాధారణముగా వర్తించునని పాఠకులు గుర్తుంచుకొందురు గాక.

శుద్ధి చేయు విధము

2,000 ఉన్నదానిని 30కి దించవలెను. ఇది ఒక్క తొట్టితో అగు పని కాదు. మెట్టు మెట్టుగా జరుగవలెను.

మొదటిది, నీరు తాకకముందే వ్యర్థమును ఎత్తుట. ఇది యంత్రము కాదు, అలవాటు. కోతబల్లపై పడిన ప్రేగులను, తలలను, పొలుసులను గొట్టపు నీటితో కాలువలోనికి తోయక, పొడిగా చేటలతో, బుట్టలతో ఎత్తవలెను. నేలను చీపురుతో ఊడ్చిన పిమ్మటనే కడుగవలెను. నీటిలో నానిన కొలది రక్తము, మాంసము కరగి జల్లెడకు చిక్కకుండ పోవును. ఈ అలవాటునకు ఖర్చు స్వల్పము, ఫలము మిక్కిలి అధికము.

రెండవది, జల్లెడలు. ముందు పెద్ద ఊచల జల్లెడ, తరువాత సన్నని తీగల జల్లెడ. పొలుసులు, తునకలు ఇచట నిలుచును. జల్లెడను దినదినము శుభ్రపరుపనిచో అదియే దుర్వాసనకు నిలయమగును.

మూడవది, జిడ్డును తీయుట, నీటిని సమము చేయుట. క్రొవ్వు నీటికన్న తేలిక. నీటిని నిదానముగా నడచునట్లు చేసినచో అది పైకి తేలును, దానిని తీసివేయవచ్చును. పెద్ద కర్మాగారములలో సన్నని గాలిబుడగలను అడుగునుండి పంపుదురు. జిడ్డును, సన్నని మాంసపు నలుసులును ఆ బుడగల నంటి పైకి వచ్చును. అటుపిమ్మట నీరు సమీకరణ తొట్టిని చేరును. కర్మాగారములో ఒకవేళ రక్తపునీరు, ఒకవేళ ఉప్పునీరు, రాత్రి కడుగునపుడు క్లోరిను నీరు వచ్చును. ఇవన్నియు ఒకచోట కలసి ఒకే తీరు నీరయినగాని తరువాతి మెట్టున సూక్ష్మజీవులు తట్టుకొనజాలవు.

నాలుగవది, సూక్ష్మజీవులచే పని చేయించుట. శుద్ధికి ప్రాణమిదియే. చెరువులో హాని చేయు ఆ సూక్ష్మజీవులనే తొట్టిలో కట్టివేసి, వానికి కావలసిన గాలిని మనమే ఇచ్చి, మురుగును అచటనే తినివేయునట్లు చేయుదుము. ఈ పద్ధతిని ఇంగ్లండులోని మాంచెస్టరులో ఆర్డెర్న్, లాకెట్ అను ఇద్దరు 1914లో లోకమునకు తెలిపిరి. గాలి యంత్రములు అడుగునుండి గాలిని ఊదును. సూక్ష్మజీవులు మురుగును తిని గోధుమరంగు మడ్డిగా ముద్దకట్టును. తరువాతి తొట్టిలో నీరు కదలక నిలువగా మడ్డి అడుగునకు దిగును. తేటనీరు పైన నిలుచును. దిగిన మడ్డిలో కొంత భాగమును మరల గాలితొట్టికి పంపుదురు. పెరుగు తోడువేయుటకు నిన్నటి పెరుగును దాచుకొనుట వంటిదే ఇది.

గాలి లేకుండ పనిచేయు సూక్ష్మజీవులును కలవు. మూసిన తొట్టిలో ఇవి మురుగును కుళ్ళించి, వంటకు పనికివచ్చు గ్యాసును ఇచ్చును. గోబరు గ్యాసు ఎరిగిన రైతులకు ఇది క్రొత్త కాదు. నెదర్లాండ్సులో లెట్టింగా అను శాస్త్రజ్ఞుడు 1970ల దశకములో దీనిని మురుగునీటికి అనువుగా తీర్చిదిద్దెను. హైదరాబాదులోని అంబర్‌పేట శుద్ధికేంద్రము ఈ పద్ధతిపై నిర్మింపబడినదే. చిక్కని మురుగును ముందు ఈ తొట్టిలో పలుచన చేసి, మిగిలినదానిని గాలితొట్టికి పంపుట చాల కర్మాగారములకు లాభము.

ఐదవది, చివరి పరిశుభ్రత. తేటనీటిని ఇసుక పొరలగుండ వడకట్టి, రోగక్రిములను చంపి విడుతురు. మిగిలిన మడ్డిని ఇసుక పరుపులపై ఆరబెట్టుదురు. మడ్డిని రాత్రికి రాత్రి వాగులో దొరలించిన, చేసిన పనియంతయు వ్యర్థమే.

ఈ సూక్ష్మజీవులు పాడిపశువుల వంటివి. వేళకు మేత, గాలి అందవలెను. క్లోరిను నీటిని ఒక్కసారిగా వదలిన చచ్చును. ఉప్పు హఠాత్తుగా హెచ్చిన డస్సిపోవును. కర్మాగారము పది దినములు మూతపడినచో మేత లేక క్షీణించును. తిరిగి బలపడుటకు కొన్ని వారములు పట్టును. చాలచోట్ల పేడనీటిని, లేదా పనిచేయుచున్న వేరొక కేంద్రపు మడ్డిని తెచ్చి తోడు వేయుదురు. కావున శుద్ధికేంద్రమును కట్టినంతనే సరిపోదు; దానిని పోషింపవలెను.

యంత్రము ఎందుకు ఆగును?

కట్టిన కేంద్రములు పనిచేయకుండుటకు ఒక ముఖ్యకారణము విద్యుత్తు ఖర్చు. ఒక కర్మాగారము దినమునకు 5 లక్షల లీటర్ల మురుగు విడుచుననియు, దాని బి.ఓ.డి. 2,000 అనియు అనుకొందము. ఆ నీటిలోని భారము దినమునకు 1,000 కిలోలు. దానిని గాలితోనే తీర్చుటకు ఇంచుమించు అన్ని కిలోల ప్రాణవాయువు అందింపవలెను. కిలోకు సుమారు ఒక యూనిట్ చొప్పున చూచినను దినమునకు 1,000 యూనిట్లు కావలెను. సరకు అమ్మకములో ఈ ఖర్చు కనబడదు. నీరు విడుచువేళ ఎవరును చూడరు. అందుచే రాత్రివేళ యంత్రమును ఆపి మురుగును వదలు దురాశ పుట్టును. ముందు గాలిలేని తొట్టిని కట్టి భారములో సగమునకు పైగా అచటనే తీర్చినచో, విద్యుత్తు ఖర్చుకూడ ఆ మేరకు తగ్గును. గ్యాసు అదనముగా లభించును. వ్యర్థమును పొడిగా ఎత్తు అలవాటు ఈ ఖర్చును మరింత తగ్గించును. పొదుపును, పరిశుభ్రతయు ఇచట ఒకే త్రోవన నడచుచున్నవి.

ఎత్తిన వ్యర్థము ధనమే

ఎత్తిన వ్యర్థమును ఏమి చేయవలెను? చేపను శుభ్రపరచునపుడు సుమారు మూడవ వంతు వ్యర్థముగా పోవును. దీనిని ఉడికించి, ఎండబెట్టి చేపపిండిగా చేసి కోళ్ల దాణాలో కలుపుదురు. ముద్దగా రుబ్బి, నూటికి సుమారు 3 వంతుల ఫార్మిక్ ఆమ్లము కలిపిన, కుళ్ళక ద్రవరూపమై దాణాకు పనికివచ్చును. రొయ్యల తలలు, పెంకులనుండి కైటిన్, కైటోసాన్ అను విలువగల పదార్థములు తీయుదురు. కొచ్చిలో 1957నుండి పనిచేయుచున్న కేంద్ర మత్స్య సాంకేతిక పరిశోధనాలయము ఈ విధానములపై విశేషకృషి చేసినది. ఆ సంస్థకు విశాఖపట్టణములోను పరిశోధనకేంద్రము కలదు.

చిన్నమొత్తములో చేయదలచిన రైతులు చేప వ్యర్థమును సమానమైన తూకము బెల్లముతో కలిపి, మూతపెట్టిన తొట్టిలో మూడు నాలుగు వారములు మాగనిచ్చి, వడకట్టి, నీటిలో పలుచన చేసి పైరుపై చల్లుచున్నారు. దీనినే మీనామృతమందురు. ఊక, పేడ, మట్టి పొరలు పొరలుగా వేసి వ్యర్థమును గోతిలో ఎరువుగా మార్చుటయు సులభమే. కుక్కలు త్రవ్వకుండ పైన మందమైన పొర వేయవలెను.

చిన్న కోతకేంద్రములకు

మత్స్య సహకార సంఘము నడుపు కోతశాలకు పెద్ద యంత్రములు అక్కరలేదు. కాలువ మొదట సన్నని తీగజల్లెడ. తరువాత జిడ్డు తేలుటకు రెండు గదుల తొట్టి. పిమ్మట మడ్డి దిగుటకు మూసిన తొట్టి. చివర గులకరాళ్లు నింపి జమ్ము, తుంగ, రెల్లు నాటిన మడి. వేరులను అంటియున్న సూక్ష్మజీవులు మిగిలిన మురుగును తినును. ఆ నీటిని తోటలకు పారింపవచ్చును. చెరువులోనికి మాత్రము పంపరాదు. జల్లెడను ప్రతిదినము, జిడ్డు తొట్టిని వారమున కొకసారి శుభ్రపరుప వలెను. ఈ పని ఫలానావారిదని సంఘము ముందే నిర్ణయించుట మేలు.

తొట్టిలోనికి దిగరాదు

మొగల్తూరు విషాదమును మరల తలచుకొనవలసి యున్నది. కదలక నిలిచిన మురుగులో మాంసకృత్తులు కుళ్ళి హైడ్రోజన్ సల్ఫైడు అను వాయువు పుట్టును. ఇది గాలికన్న బరువైనది. తొట్టి అడుగున నిలుచును. మడ్డిని కదపినంతనే ఒక్కసారిగా పైకి లేచును. తొలుత కుళ్ళిన గ్రుడ్డు వాసన వచ్చును. గాలిలో పదిలక్షల పాళ్లలో ఇది సుమారు 100 పాళ్లకు చేరిన పిమ్మట ముక్కు వాసనను గ్రహించు శక్తిని కోల్పోవును. వాసన పోయినది గదా, భయము లేదని దిగిన మనుష్యుడు మోసపోవును. 500 మొదలు 1,000 పాళ్లు చేరినచో కొద్దిసేపటిలోనే స్పృహ తప్పి ప్రాణము పోవును. పడినవానిని రక్షింప దిగినవారును మరణించుట ఇట్టి ప్రమాదములలో తరచుగా జరుగుచున్నది.

విషవాయువులుండు తొట్లలోనికి తగిన జాగ్రత్తలు లేక ఎవరిని దింపరాదని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 36వ సెక్షను ఏనాడో విధించినది. మురుగుకాలువలను, సెప్టిక్ ట్యాంకులను రక్షణ సాధనములు లేక మనుష్యులచే ప్రమాదకరముగా శుభ్రపరపించుటను 2013 నాటి చట్టము నిషేధించినది. యజమాని పంపినను, మేస్త్రీ గద్దించినను, మీటరుతో వాయువును పరీక్షింపక, గాలి మార్చక, ఊపిరి పరికరము, నడుమునకు త్రాడు, పైన కాపలామనిషి లేక ఎవరును దిగరాదు. తోటివాడు పడినచో వెంట దూకక, కేకవేసి, పైనుండి త్రాటితో లాగి, 108కి తెలుపవలెను. ఈ నాలుగు మాటలు కార్మికుల ఇండ్లలోని స్త్రీలకును తెలిసియుండుట అవసరము.

గ్రామస్థులు అడుగవలసినవి

1974 నాటి జలకాలుష్య నివారణ చట్టము ప్రకారము, మురుగు విడుచు కర్మాగారము నిర్మాణమునకు ముందొకసారి, నడుపుటకు ముందొకసారి కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి పొందవలెను. ఆ సమ్మతిపత్రములో దినమునకు ఎంత నీరు, ఏ హద్దులలో, ఎచట విడువవలెనో వ్రాసియుండును. గ్రామస్థులు మొదట కోరవలసినది ఆ పత్రపు ప్రతి. 2005 నాటి సమాచారహక్కు చట్టము క్రింద ఎవరైనను దానిని అడుగవచ్చును.

పిమ్మట అడుగవలసిన ప్రశ్నలివి. గాలి యంత్రములకు వేరుగా విద్యుత్ మీటరు కలదా? దాని లెక్క ప్రతినెల ఒకే తీరున నున్నదా? లోనికి వచ్చు నీటికి, వెలికి పోవు నీటికి కొలత మీటర్లు కలవా? శుద్ధికేంద్రమును తప్పించి వాగులోనికి పోవు దొంగగొట్టము ఏదైన కలదా? మడ్డి ఎచటికి పోవుచున్నది? వానాకాలమున తొట్లు పొంగకుండ ఏర్పాటు కలదా?

చెరువులో చేపలు చచ్చినపుడు ఆగ్రహముతో పరుగులు తీయుటకన్న, ఆ ఉదయమే తేదీ, వేళ వ్రాసికొని, పంచాయతీ పెద్దల సమక్షమున మండలి అధికారులచే నీటి నమూనాలు తీయించుట మేలు. నమూనా మంచులో నుంచి త్వరగా ప్రయోగశాలకు చేరనిచో కొలత తప్పును. అధికారులు స్పందింపనిచో 2010 నాటి చట్టముచే ఏర్పడిన జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ ప్రాంత ధర్మాసనము చెన్నైలో కలదు.

కర్మాగారము వలన పనులు దొరకును. చేపకు మంచి ధర వచ్చును. ఈ లాభమును మేము తక్కువ చేయుట లేదు. కాని చేపను అమ్ముకొనుటకై చేప పెరుగు నీటినే చెరచుకొనుట, కాపునకు వచ్చిన చెట్టును నరికి కాయలు కోసికొనుట వంటిది. శుద్ధిశాస్త్రము నూరేండ్లకు పైగా మనకు తెలిసియున్నదే. దానిని రాత్రియు పగలును ఆగకుండ నడిపించు బాధ్యత యజమానిది. నడిచినదో లేదో చూచు బాధ్యత అధికారులది. అడుగు హక్కు గ్రామమునది. కర్మాగారపు పునాదిరాయి పడునాడే ఈ మూడును నిర్ణయమైనచో చెరువును నిలుచును, చేపయు నిలుచును, కార్మికుడు సాయంకాలమునకు క్షేమముగా ఇల్లు చేరును.